తెలుగు ఆటల ఛానెల్: చూడకుండా వినేవాడి సమీక్ష

ఒక్క సంగతి ముందే చెప్పేస్తాను. ఈ ఛానెల్‌ని, అదే స్టార్ స్పోర్ట్స్ తెలుగుని, నేను చూసేది తక్కువ, వినేది ఎక్కువ. మాది భీమవరం దగ్గర కాళ్ళ మండలం. వెనామీ రొయ్యల సాగు. సీడ్, అంటే రొయ్య పిల్ల, వేసిన దగ్గర్నుంచి పట్టుబడి, అంటే ఎదిగిన రొయ్యని పట్టడం, అయ్యేదాకా రాత్రి పడక చెరువు గట్టు మీద మకాంలోనే. టీవీ మకాం లోపల గోడకుంటుంది, నేను బయట గట్టు మీద తిరుగుతుంటాను. అందుకని బొమ్మ ఎంత శుభ్రంగా ఉంది, హెచ్‌డీకి వేరే డబ్బులు దండగా కాదా, ఏ ప్యాక్‌లో వస్తుంది లాంటివి నన్నడక్కండి. అవన్నీ మీకు తెలిసినవే. నేను చెప్పగలిగింది మాటల గురించే, అంటే తెలుగు కామెంటరీ గురించే.

రొయ్యల సాగు తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. పగలు చెరువులో ఉండే నాచు ఎండకి ఆక్సిజన్ తయారు చేస్తుంది. పొద్దుగూకితే ఆ పని ఆగిపోతుంది. పైగా రొయ్యా, నాచూ కలిసి ఉన్నదాన్ని పీల్చేస్తాయి. తెల్లవారుజాముకి నీళ్ళలో ఆక్సిజన్ అడుగంటుతుంది. అందుకే నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా తిరగాలి. కరెంటు పోతే వెంటనే జనరేటర్ వేసుకోవాలి, లేదంటే రొయ్య తేలిపోతుంది, పెట్టుబడి మునిగిపోతుంది. ఒక్క ఏరియేటర్ ఆగినా రొదలో తేడా వస్తుంది, అలవాటైన చెవికి అది నిద్రలో కూడా తెలుస్తుంది. కాబట్టి కళ్ళు నీళ్ళ మీద, ఒక చెవి ఏరియేటర్ల మీద. మిగిలిన ఆ ఒక్క చెవే టీవీది. ఐపీఎల్ రాత్రి మ్యాచ్ ఏడున్నరకి మొదలై పదకొండున్నర దాకా నడుస్తుంది. అది సరిగ్గా మా డ్యూటీ వేళ.

మా నాన్నగారి రోజుల్లో ట్రాన్సిస్టర్ ఉండేది. ఆకాశవాణి వాళ్ళు కాసేపు హిందీలో, కాసేపు ఇంగ్లీషులో చెప్పేవారు. ఆయనకి రెండూ రావు. అయినా స్కోరు మాత్రం ఎప్పుడడిగినా చెప్పేవారు, ఎందుకంటే ఆ రేడియో వాళ్ళు ఓవర్‌కి నాలుగుసార్లు స్కోరు చెప్పేవారు. తర్వాత టీవీలొచ్చాక గట్టు మీదకి ఇంగ్లీషు మాటలు వినిపించేవి. నాకు కొంత అర్థమయ్యేది, కాపలా ఉండేవాళ్ళకి అదీ లేదు. 2018 డిసెంబరులో తెలుగు కోసమే ఆటల ఛానెల్ పెట్టారు. 2019 ఐపీఎల్‌కి మకాంలో టీవీ తెలుగులో మాట్లాడింది. ఆ సంబరం ఇప్పటికీ గుర్తే. విశాఖ నుంచి ఇండియాకి ఆడిన వేణుగోపాలరావు, తర్వాతి ఏళ్ళలో గుంటూరు ఎమ్మెస్కే ప్రసాద్ లాంటివాళ్ళు బంతి ఎందుకు తిరిగిందో, ఆ ఫీల్డర్‌ని అక్కడెందుకు పెట్టారో మన మాటల్లో చెబుతుంటే, ఇన్నేళ్ళు ఆటలో సగమే విన్నామా అనిపించింది. మకాంలో కాపలా ఉండే శ్రీకాకుళం వైపు కుర్రాడు క్రికెట్ పెద్దగా పట్టించుకునేవాడు కాదు. వాడు కూడా ఫీడ్ బస్తా భుజాన వేసుకుని వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగడం మొదలుపెట్టాడు. ఊళ్ళో ఎవరు కనబడినా ఆ ఛానెల్ పెట్టించుకోమని నేనే చెప్పేవాణ్ణి.

ఆ మాటని ఇప్పుడు కొంచెం తగ్గించి చెప్పాల్సి వస్తోంది.

నా గొడవ ఒక్కటే. స్కోరు చెప్పరు. నిజమండీ, స్కోరు చెప్పరు! తెర మీద మూలన అంకెలు కనబడుతూనే ఉంటాయి కదా, ఇక చెప్పేదేముందని కాబోలు. నేను మూడో చెరువు గట్టు మీద ఉంటాను. టార్చి వేసి చెక్ ట్రే పైకి తీసి, మేత మిగిలిందా లేదా, రొయ్య పేగు నిండుగా ఉందా లేదా చూస్తుంటాను. అంతలో మకాంలోంచి గోల. స్టేడియం జనం ఒకటే అరుపులు. వాటి మీద కామెంటరీ ఆయన అరుపు. ఏం కొట్టాడండీ అంటారు. ఎవరు కొట్టారు? ఫోరా, సిక్సా? అసలు కొట్టాడా, అవుటయ్యాడా? దాని తర్వాత ఆ బ్యాటరు వేసుకున్న బూట్ల గురించో, నిన్న హోటల్లో తిన్న బిర్యానీ గురించో, ఏదో సినిమా డైలాగు గురించో నవ్వుకుంటారు. పెళ్ళి పందిట్లో పక్క బంతి కబుర్లు విన్నట్టుంటుంది, విషయం తెలీదు గానీ వాళ్ళు మాత్రం మహా సంతోషంగా ఉన్నారని తెలుస్తుంది. ట్రే నీళ్ళలో దింపేసి మకాంకి వచ్చి చూస్తే తెర మీద సిమెంటు ప్రకటన.

క్రికెట్‌లో బంతికీ బంతికీ మధ్య ఖాళీ ఎక్కువ. బౌలరు వెనక్కి నడవాలి, ఫీల్డు మార్చాలి, బ్యాటరు గ్లవుజులు సర్దుకోవాలి. ఆ ఖాళీని రేడియో వాళ్ళు స్కోరుతో, ఫీల్డర్లు నిలబడ్డ చోట్లతో నింపేవారు, ఎందుకంటే వినేవాడికి వేరే దిక్కులేదు. టీవీలో బొమ్మే అన్నీ చెప్పేస్తుంది, అందుకని మనిషి కబుర్లలో పడతాడు. ఇందులో వాళ్ళ తప్పు పెద్దగా ఏమీ లేదు, చూసేవాళ్ళ కోసం వాళ్ళకి జీతాలిస్తున్నారు. కానీ ఇంట్లో టీవీ ముందు కాళ్ళు బారజాపుకుని మ్యాచ్ మొత్తం చూసే తీరిక మా వైపు ఎంతమందికి ఉంది? దోసెలు వేసేవాడి వీపు టీవీ వైపు ఉంటుంది. మిషను కుట్టేవాడి కళ్ళు గుడ్డ మీద ఉంటాయి. వంటింట్లో ఉన్న మా ఆవిడకి హాల్లో టీవీ కనబడదు, అయినా ఎవరవుటయ్యారో అక్కణ్ణుంచే అడుగుతుంది. తెలుగులో కామెంటరీ పెట్టడమంటేనే ఇలాంటివాళ్ళని పిలవడం. పిలిచాక, ఓవర్ అయిపోగానే ఒక్కసారి ఇంత స్కోరు, ఇన్ని వికెట్లు, ఫలానా ఆయన ఇంత మీద ఉన్నాడు అని చెబితే సొమ్మేం పోతుంది?

ఇది ఆటకి ముందూ వెనకా మాట్లాడే కార్యక్రమాల గురించి కాదు. అవి నాకు నచ్చుతాయి, అందులో కబుర్లే ఉండాలి కూడా. ఆట నడిచేటప్పటి సంగతే నా బాధ.

ఇక నేను అనుకోని సంగతి. కబడ్డీ.

ప్రో కబడ్డీ 2014లో మొదలైంది. అప్పట్లో రాహుల్ చౌదరి తెలుగు టైటాన్స్‌కి ఆడేవాడు, వాడి కోసం కొంతకాలం చూశాను. తర్వాత మన జట్టు తీరు చూసి మానేశాను. 2016 సీజన్ తర్వాత ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు. ఎనిమిది, తొమ్మిది, పది సీజన్లలో వరసగా ఆఖరి స్థానం. 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల పైచిలుకుకి కొన్నా ఆఖరి స్థానం ఆఖరి స్థానంగానే ఉంది. అంత డబ్బు పోసినా మారనిదాన్ని నేను చూసి మాత్రం ఏం మారుస్తాను అనుకున్నాను. అసలు కబడ్డీ అంటే సంక్రాంతికి ఊళ్ళో బురద ఆరిన చేలో ఆడేదాన్ని గీతల బయట నిలబడి చూడాలి గానీ, టీవీలో ఏమిటి అనే పెద్దలున్న ఊరు మాది.

2025 ఆగస్టు 29న పన్నెండో సీజను విశాఖలో మొదలైంది. మొదటి మ్యాచ్ టైటాన్స్‌కీ తమిళ్ తలైవాస్‌కీ. మన ఊరు కదా అని పెట్టాను. పెట్టి యథాప్రకారం గట్టు మీదకి వెళ్ళిపోయాను. 38-35తో ఓడిపోయాం, అది కొత్తేం కాదు. కొత్తేమిటంటే, తెర వైపు ఒక్కసారి కూడా చూడకుండా ఆట మొత్తం నాకు తెలిసిపోయింది.

ఎందుకా అని తర్వాత చాలాసార్లు శ్రద్ధగా విన్నాను. కబడ్డీలో రైడ్, అంటే ఒకడు కూతకి వెళ్ళి రావడం, 30 సెకన్లే. ఒకడు తిరిగి రాగానే అవతలివాడు బయల్దేరతాడు. బూట్ల గురించి, బిర్యానీ గురించి చెప్పుకోవడానికి సందే లేదు. రైడ్‌కి వెళ్ళేవాడి పేరు చెప్పాల్సిందే. అవతల ఎంతమంది ఉన్నారో చెప్పాల్సిందే, ఎందుకంటే ఆరుగురో ఏడుగురో ఉంటేనే బోనస్, ముగ్గురో అంతకంటే తక్కువో ఉండి పట్టేస్తే సూపర్ ట్యాకిల్, ఒక పాయింటు అదనం. రెండు రైడ్లు పాయింటు లేకుండా ఖాళీగా వచ్చాక మూడోది డూ ఆర్ డై, అంటే పాయింటు తేవాలి, లేదా అవుట్, అది కూడా ముందే చెప్పకపోతే ఉత్కంఠ ఉండదు. లెఫ్ట్ కార్నర్ వైపు కదిలాడు, బోనస్ మీద కాలు వేశాడు, యాంకిల్ హోల్డ్ పడింది, కవర్స్ వచ్చి మీద పడ్డారు, గీత అందిందా లేదా. తర్వాత వెంటనే స్కోరు. మళ్ళీ తర్వాతి రైడరు పేరు. నలభై నిమిషాల ఆటలో ఇదే వరస. కామెంటరీ వాళ్ళు మారారని కాదు, ఆట వాళ్ళని కబుర్లలో పడనివ్వదు. మా కాపలా కుర్రాడు వాళ్ళ ఊళ్ళో కబడ్డీ ఆడినవాడే. థై హోల్డ్, అంటే తొడ పట్టు, అన్న మాట వినబడగానే, ఇంకా పాయింటు ఎవరిదో చెప్పకముందే, ‘అయిపోయాడండీ’ అనేవాడు. చాలాసార్లు నిజమయ్యేది. ఒక్కోసారి రైడరు విదిలించుకుని గీత అందుకునేవాడు, అప్పుడు వీడి ముఖం చూడాలి.

విజయ్ మలిక్ కెప్టెన్సీలో ఆ ఏడు టైటాన్స్ గెలవడం నేర్చుకుంది. ఇన్నేళ్ళ తర్వాత ప్లేఆఫ్స్‌కి వచ్చింది. అక్టోబరు ఆఖరు. సరిగ్గా ఆ వారమే మొంథా తుపాను.

28వ తేదీ రాత్రి అది నరసాపురానికి దక్షిణంగా తీరం దాటింది. మాకు గాలీ వానా రెండూ గట్టిగానే తగిలాయి. కరెంటు పోయింది. మకాం మీద డిష్ గొడుగు ఒక పక్కకి ఒరిగిపోయి ఆకాశం కాకుండా పక్క చెరువు వైపు చూస్తోంది. జనరేటర్ ఏరియేటర్లకే. డీజిల్ ఎప్పుడు దొరుకుతుందో తెలీదు, వాన నీళ్ళు పడి చెరువులో ఉప్పు శాతం, పీహెచ్ తగ్గిపోయాయి, సున్నం చల్లుతూ నీళ్ళు పరీక్ష చేసుకుంటూ ఉన్నాం. టీవీ అన్న ఊసే లేదు. ఫోనులో ఇంటర్నెట్ తిరగడం లేదు. మాట మాత్రం కాసేపు కలుస్తోంది, కాసేపు పోతోంది.

కరెంటు ఇంకా రాకముందే ఒక రాత్రి మా మేనల్లుడు కూకట్‌పల్లి నుంచి ఫోను చేశాడు, ఎలా ఉన్నారు మామయ్యా, అత్తయ్య ఎలా ఉంది అని. వాడి వెనక టీవీలో కబడ్డీ వినబడుతోంది. టైటాన్స్‌కీ పుణేరీ పల్టన్‌కీ రెండో క్వాలిఫయర్, గెలిస్తే ఫైనల్. తెలుగులోనే పెట్టుకున్నాడు.

‘ఒరేయ్, ఆ ఫోను స్పీకరు పెట్టి టీవీ పక్కన పెట్టు’ అన్నాను.

‘మామయ్యా, వినబడుతుందా మీకు?’

‘నువ్వు మాట్లాడకపోతే వినబడుతుంది.’

పెట్టాడు. జనరేటర్ రొదకి స్పీకరులో వినబడక, వైరున్న ఇయర్‌ఫోన్ వెతికి పెట్టుకున్నాను. ఒక ముక్క నా చెవిలో, ఒక ముక్క కుర్రాడి చెవిలో. వైరు పొట్టిది, అందుకని ఇద్దరం ఒకే గొడుగు కింద మకాం గోడకి ఆనుకుని నిలబడ్డాం. బొమ్మ లేదు, స్కోరు పెట్టె లేదు. హైదరాబాదులో ఒక హాల్లో మోగుతున్న టీవీ గొంతు, టవర్లు దాటి, వానలో మా గట్టు దాకా వస్తోంది. అయినా ఏ రైడ్‌లో ఏం జరిగిందో, ఎవరు లోపల ఎవరు బయట, ఎంత తేడాలో ఉన్నామో తెలుస్తూనే ఉంది. మధ్యలో లైను తెగింది. మళ్ళీ కలిశాక ముందు ఏం పోయిందో అడగక్కర్లేకపోయింది, రెండు రైడ్లు గడిచేసరికి వాళ్ళే చెప్పేశారు. ప్రకటనలొచ్చినప్పుడు మాత్రం మేనల్లుడు ఫోను అందుకుని, చెరువు గట్లు తెగాయా, కొబ్బరి చెట్లు పడ్డాయా అని అడిగేవాడు. ప్రకటనలు ఇంత పనికొస్తాయని అప్పుడే తెలిసింది. వాడికి నేను జవాబు చెప్పేలోగా మళ్ళీ ఆట మొదలయ్యేది, చెప్పడం ఆపేసేవాణ్ణి. దానికి మా అక్క దగ్గర తర్వాత మాట పడ్డాను, మేమిక్కడ కంగారు పడి చస్తుంటే నువ్వు కబడ్డీ విన్నావా అని.

50-45తో ఓడిపోయాం. పల్టన్ ఫైనల్‌కి వెళ్ళి అక్కడ దబంగ్ ఢిల్లీ చేతిలో ఓడింది, ఆ మ్యాచ్ నేను వినలేదు.

ఆ రాత్రి నుంచీ క్రికెట్ కామెంటరీ మీద నా కోపం తగ్గలేదు, పెరిగింది. చెప్పగలిగినవాళ్ళు చెప్పకపోవడం వేరు కదా. తెలుగులో ఆటని చెవితో చూపించగలరని ఆ ఫోను కాల్ నాకు రుజువు చేసింది. చెరువు దగ్గరా, తుపాన్లలో, లారీ డ్రైవర్లకి, ఇంటర్నెట్ అంతంతమాత్రంగా ఉన్నచోటా పనికొచ్చేలా, బొమ్మ లేకుండా గొంతు ఒక్కటే తక్కువ డేటాతో వచ్చే మార్గం పెట్టి, దానికి స్కోరు చెప్పే మనిషి ఒకర్ని కూర్చోబెడితే, మొదట డబ్బు కట్టేవాణ్ణి నేనే.

కబడ్డీ కామెంటరీని కూడా మరీ మోసెయ్యదలుచుకోలేదు. అందులోనూ అరుపులు ఎక్కువే. ఒక జట్టు మొత్తం బయటికెళ్ళి ఆలౌట్ అయితే చాలు, వాళ్ళ గొంతులూ జనం గోలా కలిసి ఏరియేటర్ల రొదని కప్పేస్తాయి. అది మాకు ప్రమాదం. అందుకని ధ్వని సగానికంటే కిందే ఉంచాలని మకాంలో రూలు పెట్టాను. ప్రకటనలు వచ్చేసరికి అదే ధ్వని రెండింతలు వినబడుతుంది, కుర్రాడు పరిగెత్తుకెళ్ళి తగ్గిస్తాడు. ఆట మొదలయ్యాక పెంచడం మర్చిపోతాడు. ఇక టైటాన్స్ కాకుండా మిగతా జట్ల మ్యాచ్‌లలో ఆటగాళ్ళ పేర్లు గబగబా వచ్చేస్తాయి, అలవాటులేని చెవికి మొదటి పది నిమిషాలు ఎవరు ఏ వైపో అంతుపట్టదు. వారం పది రోజులు ఓపిక పడితే గానీ కుదరదు.

షటిల్ సంగతి అడుగుతారేమో. మా గోదావరి జిల్లాల వాళ్ళకి ఆ ఆట మీద ఇప్పుడు మక్కువ ఎక్కువ, అమలాపురం సాత్విక్‌సాయిరాజ్ మన పక్క కుర్రాడు కదా. 2022 మేలో థామస్ కప్ ఫైనల్లో ఇండోనేషియాని 3-0తో కొట్టినప్పుడు, అందులో రెండో మ్యాచ్ సాత్విక్, చిరాగ్ శెట్టిది. నేను దాన్ని ఇంగ్లీషు మాటలతోనే చూశాను. అమలాపురం కుర్రాడి ఆట తెలుగులో ఎందుకు లేదని అప్పట్లో నేనూ నలుగురితో పాటు గొణిగాను. కానీ నా లెక్కలో అది తెలుగులో వచ్చినా ఒరిగేది తక్కువ. ర్యాలీ నడిచేటప్పుడు షటిల్ కామెంటరీ వాళ్ళు నోరు మెదపరు, పాయింటు అయ్యాకే మాట్లాడతారు. అది ఆ ఆటకి మర్యాద. నాకు గట్టు మీద బూట్ల కిర్రు కిర్రు, బ్యాటు చప్పుడు తప్ప ఏమీ వినబడదు. సాత్విక్ ఆడుతుంటే పని కుర్రాడికి అప్పజెప్పి లోపల కూర్చోవాల్సిందే, అలా కూర్చోవడానికి నాకేం అభ్యంతరం లేదు కూడా.

ఐపీఎల్, కబడ్డీ లేని నెలల్లో ఈ ఛానెల్ నాకు పెద్దగా పనికిరాదు. పాత మ్యాచ్‌లు తిప్పి తిప్పి వేస్తారు. ఫలితం తెలిసిన మ్యాచ్‌ని చెవితో వినడం కష్టం, చూసేవాడికైతే ఏదో కాలక్షేపం.

కొనాలా వద్దా అంటే, మీరు టీవీ ఎదురుగా కూర్చుని చూసేవాళ్ళైతే నా సమీక్షతో మీకు పనిలేదు. మీకు ఆ కబుర్లు నచ్చొచ్చు, మా తమ్ముడికి నచ్చుతాయి, వాడికి స్కోరు కనబడుతుంది కాబట్టి. చెవితో వినేవాళ్ళు కబడ్డీ సీజను నెలలకి పెట్టించుకోండి. క్రికెట్ కోసమే అయితే ఫోనులో స్కోరు పక్కన పెట్టుకోగలరేమో చూసుకోండి, తడి చేతులతో నాకది కుదరదు. ఏడాది ప్యాక్ తీసుకుంటే కలిసొస్తుందని డీలరు చెబుతూనే ఉన్నాడు. నేను మాత్రం నెలవారీ రీఛార్జే చేయిస్తున్నాను. పట్టుబడి అయిపోయి చెరువులు ఎండబెట్టిన నెలల్లో ఎలాగూ ఇంట్లోనే పడుకుంటాను, అక్కడ రిమోటు మా ఆవిడ చేతిలో ఉంటుంది.